కాంట్రాక్టు నాటకాల కళాకారులు సంఘం పెట్టుకుంటే నిలుస్తుందా? ఒక హార్మోనిస్టు జవాబు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. కనిగిరి దగ్గర పల్లె మీది. కొన్నేళ్ళుగా కాంట్రాక్టు పౌరాణిక నాటకాల్లో సహదేవుడు, అశ్వత్థామ, కాలకౌశికుడు వంటి వేషాలు వేస్తున్నారు. మొన్నటి శివరాత్రి రోజుల్లో రెండు రాత్రులు నాటకం రద్దయితే పైసా రాలేదు. శ్రీరామనవమి బాకీ ఇంకా చేతికందలేదు. మీలాంటివాళ్ళు పద్నాలుగు మంది సంఘం పెట్టుకోవాలని చూస్తున్నారు. కాంట్రాక్టరుకు తెలిస్తే ఇక పిలవడని భయం. పైగా మీ గురువుగారు ‘కళను కూలితో కొలవకూడదు’ అని మందలించారు. చట్టం ఒప్పుకుంటుందా, సంఘం నిలుస్తుందా, ఎక్కడ మొదలుపెట్టాలి, పాత బాకీ ఎలా రాబట్టాలి, షరతుల కాగితం ఎలా ఉండాలి అని అడిగారు.

చట్టం ఒప్పుకుంటుంది. నిలవడం మాత్రం మీ పద్నాలుగురి పట్టుదల ఒక్కదాని మీదే ఆధారపడి లేదు. మీలో పేరున్న కృష్ణుడు ఒక్కడైనా, హార్మోనిస్టు ఒక్కడైనా లేకపోతే ఒక సీజను కూడా దాటదు. ఉంటే దాటుతుంది. రేటు పెంచమనే మాటతో మొదలుపెట్టకండి. రద్దయిన రాత్రికి సగం డబ్బు, ముఖానికి రంగు వేసుకునే ముందే బాకీ, ఈ రెండింటితో మొదలుపెట్టండి. ఎందుకో కింద చెబుతాను.

నేను లాయరును కాను. ఒంగోలు, కందుకూరు, కావలి చుట్టుపక్కల నాటకాలకు చాలా కాలంగా హార్మోనియం వాయిస్తున్నాను. మా ప్రాంతంలో ఒక చిన్న కళాకారుల సంఘానికి కోశాధికారిగా కూడా పనిచేశాను. నా మాటలకు అంతవరకే విలువ ఇవ్వండి.

మన వృత్తిలో డబ్బు ఎలా నడుస్తుందో ముందు చూద్దాం. తిరునాళ్ళ కమిటీ ఊళ్ళో చందాలు పోగుచేస్తుంది. కాంట్రాక్టరుతో ‘ఫలానా రాత్రికి రాయబారం, మొత్తం ఇంత’ అని ఒకే లెక్కగా మాట్లాడుకుంటుంది. ఆ మొత్తంలోంచే ఆయన పాత్రధారులకు, హార్మోనియానికి, డోలక్‌కు, డ్రెస్సులకు, మేకప్‌కు, బండికి ఇచ్చుకోవాలి. మిగిలింది ఆయనది. అంటే మీకు ఎంత తగ్గితే ఆయనకు అంత మిగులుతుంది. ఇది ఆయన మంచితనానికో చెడ్డతనానికో సంబంధించిన విషయం కాదు, ఏర్పాటే అలాంటిది. పైగా కమిటీ ఆయనకు ఎగ్గొట్టిన సందర్భాలూ ఉంటాయి. ‘చందాలు పూర్తిగా వసూలు కాలేదు, దసరాకు చూద్దాం’ అంటారు. ఆ దెబ్బను ఆయన కిందికి తోస్తాడు. కృష్ణుడి మీదికి తోయలేడు, హార్మోనిస్టు మీదికి తోయలేడు. చివరకు సహదేవుడి మీద పడుతుంది. మీకు శ్రీరామనవమి బాకీ ఇంకా రాకపోవడానికి నాకు కనిపించే కారణం ఇదే.

అదే తిరునాళ్ళలో లైటింగు పెట్టినవాళ్ళ సంగతి గమనించారా? వాళ్ళ లెక్క చీకటి పడకముందే తేలిపోతుంది. ఆ స్విచ్చు వాళ్ళ చేతిలో ఉంది. డబ్బు రాకపోతే ప్రభ మీద బల్బులు వెలగవు, ఊరి పరువు పోతుంది, కమిటీ పెద్దలు పరిగెత్తుకుంటూ వస్తారు. మన చేతిలోనూ అలాంటి స్విచ్చు ఒకటి ఉంది గానీ అది పనిచేసే సమయం చాలా తక్కువ. అందరూ ఊరికి చేరిన తర్వాత, రంగు వేసుకోకముందు ఉండే గంటా రెండు గంటలే మనవి. ప్రార్థన పాడేశాక తెర వెనక ఎంత తగువు పడినా దండగే. ఎదురుగా జనం కూర్చుని ఉంటారు. నాటకం ఆగితే వాళ్ళ కోపం కాంట్రాక్టరు మీద కాదు, మన మీద పడుతుంది. తెల్లవారాక అయితే మరీ అన్యాయం. కమిటీవాళ్ళు నిద్రకు పోతారు, కాంట్రాక్టరు ‘రేపు ఫోను చెయ్యి’ అంటాడు, మీరు ఏడు గంటల బస్సు కోసం పరిగెత్తాలి. రంగుకు ముందే బాకీ తీసుకోవాలనడానికి కారణం ఇది.

కార్మిక సంఘం అనగానే ఫ్యాక్టరీ గేటు గుర్తుకొస్తుంది. అక్కడ రోజూ అదే గేటు, అదే యజమాని, పక్కన అదే మనిషి. మనకు గేటు లేదు. ఇవాళ దర్శి వైపు ఒక కాంట్రాక్టరుకు, రేపు ఆత్మకూరు వైపు ఇంకొకరికి. రిహార్సల్సు కూడా ఉండవు. ఎవరి పద్యాలు వాళ్ళకు కంఠతా వచ్చు కాబట్టి నేరుగా స్టేజీ మీదే కలుసుకుంటాం. హరిశ్చంద్రలో ఒకటో హరిశ్చంద్రుడికి, కాటి సీను హరిశ్చంద్రుడికి ఒక్కోసారి ముఖపరిచయం కూడా ఉండదు. ఒకరు దిగిపోయాక ఇంకొకరు ఎక్కుతారు. ఎవరికి ఎంత ఇచ్చారో రెండోవారికి తెలియదు. తెలియకుండా ఉండటమే కాంట్రాక్టరుకు లాభం. అందుకని మీ సంఘం మొదటి పని నినాదాలు కాదు, ఎవరికి ఎంత ముట్టిందో ఒకరికొకరు చెప్పుకోవడం. ఒక నోటుపుస్తకం కొనండి. తేదీ, ఊరు, నాటకం, వేషం, ఒప్పుకున్నది, ముట్టినది, మిగిలినది రాయండి. సీజను చివర ఆ పుస్తకం తిరగేస్తే మీకే తెలుస్తుంది, ఏ కాంట్రాక్టరు మాట మీద నిలబడేవాడో, ఎవరు కాదో. చిత్రం ఏమిటంటే, మాట మీద నిలబడే కాంట్రాక్టర్లకు కూడా ఆ పుస్తకం ఇష్టమే.

హార్మోనిస్టు సంగతి మళ్ళీ మళ్ళీ ఎందుకు ఎత్తుతున్నానంటే, గొప్ప కోసం కాదు. ఈ వృత్తిలో అందరినీ ఎరిగినవాడు ఆయన ఒక్కడే. మీ పద్యం ఏ శ్రుతిలో ఎత్తుతారో, రాగం ఎంతసేపు లాగుతారో, ఎక్కడ ఊపిరి తీసుకుంటారో ఆయనకు గుర్తుంటుంది. కాంట్రాక్టర్లు కూడా ‘కర్ణుడి వేషానికి ఎవరున్నారు’ అని ఆయననే అడుగుతారు. ఆయన ఫోనులో ఉన్న పేర్లే మీ సభ్యత్వ పుస్తకం. వేషధారి రాకపోతే ఇంకొకరిని తెచ్చి నిలబెట్టవచ్చు. సాయంత్రం నాలుగు గంటలకు హార్మోనిస్టు రానంటే ఆ రాత్రి నాటకం గట్టెక్కడం కష్టం.

నా కళ్ళముందు జరిగినది ఒకటి చెబుతాను. దర్శి ప్రాంతంలో ఒక ఊళ్ళో తొమ్మిది గంటలకు గాలివాన వచ్చి పందిరి పడిపోయింది. మేమంతా బడిలో ఉన్నాం. కొందరికి అప్పటికే రంగు పడింది. ద్రౌపది వేషం కట్టే అమ్మాయి బెంచీ మీద కూర్చుని జడకుచ్చులు ఒక్కొక్కటే ఊడదీసి పెట్టెలో పెట్టుకుంటోంది. కాంట్రాక్టరు వచ్చి ‘దేవుడు కరుణించలేదు, ఛార్జీలు ఇస్తాను, ఇళ్ళకు వెళ్ళండి’ అన్నాడు. పెద్ద వేషాలవాళ్ళ అడ్వాన్సు ముందే ముట్టింది కాబట్టి వాళ్ళకు వచ్చిన నష్టం లేదు. మాట్లాడకుండా వెళ్ళిపోవచ్చు. అప్పుడు రాయబారం సీను కృష్ణుడు లేచి, ‘అందరికీ సగం ఇవ్వండి. లేకపోతే శనివారం నాటకానికి నేను రావడం లేదు’ అన్నాడు. గట్టిగా కూడా అనలేదు, గడ్డం కింద రంగు తుడుచుకుంటూ అన్నాడు. అర్జునుడు కూడా అదే మాట అన్నాడు. నేను హార్మోనియం పెట్టె మూత వేశాను. అరగంటలో డబ్బు వచ్చింది. ఆ రాత్రి ఆ మాట సంజయుడో నకులుడో అని ఉంటే, మరుసటి తిరునాళ్ళకు నకులుడు మారిపోయేవాడు, అంతే.

ఇది మన ఊళ్ళ వింత కాదు. అమెరికాలో నాటక నటులు 1913లో ఈక్విటీ అనే సంఘం పెట్టుకున్నారు. అప్పటికి వాళ్ళ బాధలు ఏమిటంటే, వారాల తరబడి డబ్బులేని రిహార్సల్సు, డ్రెస్సులు సొంత ఖర్చుతో కొనుక్కోవడం, నాటకం మధ్యలో ఆగిపోతే ఎక్కడో దూరపు ఊళ్ళో చిక్కుకుపోవడం. సంఘం పెట్టిన ఆరేళ్ళకు, 1919 ఆగస్టులో సమ్మె చేశారు. నెల రోజులు నడిచింది. న్యూయార్కులో నాటకశాలలు వరసగా మూతపడ్డాయి. చివరకు నిర్మాతలు దిగివచ్చి సంఘాన్ని గుర్తించారు. ఆ సమ్మెలో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. వెనక వరసలో ఆడే పాడే కోరస్ అమ్మాయిల కోసం ఆ రోజుల్లోనే ప్రత్యేకంగా ఒక సంఘం ఏర్పడింది. దానికి అధ్యక్షురాలు మేరీ డ్రెస్లర్. ఆమె అప్పటికే పెద్ద తార. తన కోసం ఆమె సమ్మె చేయాల్సిన అవసరమే లేదు.

మన దగ్గర సినిమావాళ్ళను చూడండి. 2025 ఆగస్టులో తెలుగు సినీ కార్మికులు 30 శాతం పెంపు కోరి షూటింగులు ఆపేశారు. రెండు వారాలు దాటాక 22.5 శాతానికి, అది కూడా మూడేళ్ళలో విడతలుగా పెంచేలా ఒప్పందం కుదిరింది. వాళ్ళకు విభాగానికొక సంఘం, అన్నిటి మీదా ఒక ఫెడరేషన్ ఉన్నాయి. సినీ కార్మికుల కోసం 1981 నాటికే ప్రత్యేక చట్టం వచ్చింది. రాతపూర్వక ఒప్పందం ఉండాలని అది చెప్పింది. కొత్త కార్మిక కోడ్‌లలో టీవీ, వెబ్ సిరీస్‌లవాళ్ళను కూడా కలిపారు. స్టేజీ మీద పద్యం పాడేవాడి పేరు మాత్రం అందులో ఎక్కడా లేదు. అదే నటుడు అదే పద్యం కెమెరా ముందు పాడితే చట్టం దృష్టిలో కార్మికుడు, పందిరిలో పాడితే కళాసేవకుడు!

రేటుతో మొదలుపెట్టవద్దని ఎందుకన్నానో ఇప్పుడు చెబుతాను. బామోల్, బోవెన్ అనే ఇద్దరు అమెరికా ఆర్థికవేత్తలు 1966లో ఒక వాదన చెప్పారు. మిగతా పనుల్లో యంత్రాలు వచ్చి ఒక మనిషి చేసే ఉత్పత్తి పెరుగుతూ పోతుంది, దాంతో కూలి పెరిగినా యజమాని తట్టుకుంటాడు. కచేరీలో, నాటకంలో అలా కుదరదు. మన నాటకానికే అన్వయించి చూస్తే, కాటి సీను ఎనభై ఏళ్ళ క్రితం ఎంతసేపు పట్టిందో ఇవాళ కూడా అంతే పడుతుంది, అంతమందే కావాలి. మన కూలి బయటి కూలితో సమానంగా పెరగాలంటే నాటకం ఖరీదు ఏటేటా పెరగాలి. కమిటీ ఏమో పక్కనే తక్కువ డబ్బుకు రికార్డింగ్ డ్యాన్సు దొరుకుతుంటే నాటకం ఎందుకని అడుగుతుంది. అందుకని రేటు కోసం గట్టిగా లాగితే తెగేది కాంట్రాక్టరు లాభం కాకపోవచ్చు, నాటకమే కావచ్చు. రద్దు డబ్బు, సమయానికి బాకీ అలాంటివి కావు. వాటి వల్ల నాటకం ఖరీదు పెద్దగా పెరగదు. ఇన్నాళ్ళూ మీ ఒక్కరి నెత్తినే ఉన్న నష్టం కాస్త కాంట్రాక్టరుకూ, ఆయన ద్వారా కమిటీకీ పంచబడుతుంది. అవి సాధించాక, సంఘం మీద నమ్మకం కుదిరాక రేటు గురించి మాట్లాడండి.

ఇంకో చిక్కు ఉంది, దీన్ని చాలామంది మరిచిపోతారు. శబ్ద కాలుష్య నిబంధనలు 2000లో వచ్చాయి. వాటి ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగంగా లౌడ్‌స్పీకరు వాడకూడదు. పండుగలకు, సాంస్కృతిక కార్యక్రమాలకు రాష్ట్ర ప్రభుత్వం ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వవచ్చు. తెల్లవార్లూ నడిచే నాటకాలన్నీ ఎలా నడుస్తున్నాయో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఏదో ఒక రాత్రి ఎస్సైగారు జీపు దిగి ‘ఒంటిగంటకల్లా ముగించండి’ అంటారు. అప్పుడు సీన్లు ఎగిరిపోతాయి. ఎగిరేవి ఎప్పుడూ చిన్న వేషాల సీన్లే. ‘నువ్వు స్టేజీ ఎక్కలేదు కదా’ అని డబ్బు కోస్తారు. దీనికి మేము పెట్టుకున్న నియమం ఒక్కటే: ముఖానికి రంగు పడితే పూర్తి డబ్బు. సీను పోయిందా ఉందా అన్న చర్చ లేదు.

ఇప్పుడు చట్టం సంగతి. రెండు దారులున్నాయి.

ఒకటి సొసైటీ. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 కింద ఏడుగురు చాలు. జిల్లా రిజిస్ట్రారు దగ్గర నమోదు. బ్యాంకు ఖాతా తెరుచుకోవచ్చు, ప్రభుత్వ శాఖలకు లెటర్‌హెడ్ మీద రాయవచ్చు. ప్రతి ఏటా సభ్యుల జాబితా దాఖలు చేయడం మరవకండి. చాలా కళాకారుల సంఘాలు మొదటి ఏడాది తర్వాత ఆ పని మానేసి, కాగితం మీద మాత్రమే మిగిలిపోతాయి.

రెండోది ట్రేడ్ యూనియన్. పాత 1926 చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. ఇక్కడ కూడా దరఖాస్తుకు ఏడుగురు చాలు గానీ, ఆ సంస్థలోనో ఆ పరిశ్రమలోనో పనిచేసేవాళ్ళలో 10 శాతం లేదా 100 మంది, ఏది తక్కువైతే అంతమంది సభ్యులుగా ఉండాలి. మీకు ఒకే సంస్థ లేదు కాబట్టి 100 మందిని కూడగట్టుకున్నాకే వెళ్ళడం మంచిది. అసంఘటిత రంగంలో స్వయం ఉపాధివాళ్ళు కూడా యూనియన్‌లో చేరవచ్చని ఈ కోడ్ చెబుతోంది. ‘మీరు ఉద్యోగులు కారు, మీకు యూనియన్ ఏమిటి’ అని ఎవరైనా అంటే అదే జవాబు. సొసైటీకి లేని రక్షణ యూనియన్‌కు ఒకటుంది. ‘మీరంతా కూడబలుక్కుని నా ఒప్పందం చెడగొట్టారు’ అని సివిల్ దావా వేసి బెదిరించడం అంత తేలిక కాదు.

నా సలహా మాత్రం వేరు. ఒక సీజను అంతా ఏ రిజిస్ట్రేషనూ లేకుండా నోటుపుస్తకంతో నడపండి. అప్పటికీ కలిసి ఉంటే సొసైటీకి వెళ్ళండి. ముందే రిజిస్టరు చేసి, బ్యానరు కట్టి, శాలువాలు కప్పుకుని, పురమందిరంలో సన్మానసభ పెట్టుకున్న సంఘాలు ఎన్నో చూశాను. అధ్యక్షుడు ఎవరన్న దగ్గరే విడిపోతాయి. అధ్యక్షుడు, కార్యదర్శి ఎవరైనా సరే గానీ, ఆ ఏడాది కాంట్రాక్టులు పట్టేవాళ్ళు ఆ పదవుల్లో ఉండకూడదు అని బైలాలో, అంటే సంఘం నియమావళిలో, మొదటే రాసుకోండి. మనలో చాలామంది కాంట్రాక్టర్లు ఒకప్పుడు వేషాలు వేసినవాళ్ళే, ఇప్పటికీ వేస్తున్నవాళ్ళే. వాళ్ళను శత్రువులుగా చూడనక్కర్లేదు, సభ్యులుగా చేర్చుకోండి. కానీ డబ్బు ఇచ్చేవాడే డబ్బు అడిగే సంఘానికి పెద్దగా ఉంటే అది నడవదు.

ఒక జాగ్రత్త. ‘మా సంఘంలో లేనివాణ్ణి పెట్టుకుంటే నీ నాటకాలను నిషేధిస్తాం’ అని ఎక్కడా రాయకండి, వాట్సాప్‌లో కూడా. కేరళలో సినిమా సంఘాలు ఒక దర్శకుణ్ణి అలా బహిష్కరించినందుకు, వ్యాపారంలో పోటీని కాపాడే కాంపిటీషన్ కమిషన్ 2017లో జరిమానా వేసింది. ‘ఈ షరతులకు మేము వస్తాం, కాకపోతే రాము’ అనడం మీ హక్కు. ఇంకొకరిని రానివ్వకపోవడం వేరే సంగతి.

పాత బాకీ ఎలా రాబట్టాలని కూడా అడిగారు. చిన్న మొత్తానికి కోర్టుకు వెళ్ళి లాయరు ఫీజు కట్టడం తెలివైన పని కాదు. మండల, జిల్లా న్యాయసేవాధికార సంస్థల్లో కేసు వేయకముందే లోక్ అదాలత్‌కు అర్జీ పెట్టుకోవచ్చు. కోర్టు ఫీజు ఉండదు. అక్కడ రాజీ కుదిరితే అదే తుది తీర్పు, అప్పీలు లేదు. స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. ఒంగోలులోనూ నెల్లూరులోనూ జిల్లా సంస్థలు ఉన్నాయి. నోటీసు వెళ్ళగానే సగం బాకీలు కదులుతాయి, అది నా అనుభవం. డబ్బు వసూలు దావాకు సాధారణంగా మూడేళ్ళ గడువు ఉందని మాత్రం గుర్తుంచుకోండి. కొందరు కాంట్రాక్టర్లు ‘జీఎస్టీ పోయింది, అందుకే తగ్గించాను’ అంటారు. జానపద, శాస్త్రీయ రీతుల సంగీతం, నాట్యం, నాటకం ప్రదర్శించే కళాకారుడికి ఒక ప్రదర్శనకు 1.5 లక్షల రూపాయల దాకా జీఎస్టీ లేదు. మన పారితోషికాల్లో ఆ అంకె ఎక్కడుందో మీరే చూసుకోండి!

స్త్రీ పాత్రధారిణుల సంగతి మీ ప్రశ్నలో లేదు. మీ పద్నాలుగురిలో వాళ్ళెవరైనా ఉన్నారో లేదో కూడా రాయలేదు. లేకపోతే ముందు వాళ్ళ దగ్గరికి వెళ్ళండి. చంద్రమతి, ద్రౌపది వేషాలకు మనిషి దొరకడం హార్మోనిస్టు దొరకడం కంటే కష్టం, కాబట్టి బేరంలో వాళ్ళ బలం మీకంటే ఎక్కువ. వాళ్ళ కోరికలు మాత్రం డబ్బు దగ్గరే మొదలవ్వవు. గొళ్ళెం పడే గది, మరుగుదొడ్డి, తెల్లవారుజామున బస్టాండులో దించేసి పోకుండా ఇంటి దాకా బండి. మా సంఘంలో ఈ మూడింటినీ షరతుల కాగితంలో పైన రాశాం, డబ్బు దాని కింద. అప్పటిదాకా సమావేశాలకు రాని ఆడవాళ్ళు ఆ తర్వాతే రావడం మొదలుపెట్టారు.

చదివింపుల గురించి ఒక మాట. పద్యం బాగా పండితే ‘ఫలానావారు కృష్ణ పాత్రధారికి అయిదు వందలు చదివించారు’ అని మైకులో చెబుతారు. ఆ డబ్బు పెద్ద వేషానికి, అలవాటు ఉన్నచోట హార్మోనియానికి, డోలక్‌కు పోతుంది. మిగతావాళ్ళకు చప్పట్లు. మా దగ్గర చదివింపుల్లో పదో వంతు సంఘం డబ్బాలో వేయాలని ఒప్పుకున్నాం. ఒప్పించడానికి సమయం పట్టింది, ఇద్దరు అలిగి వెళ్ళిపోయారు. ఆ డబ్బా ఎందుకు పనికొచ్చిందో 2020లో తెలిసింది. ఆ ఏడాది ఉగాది రోజునే దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది, శ్రీరామనవమి ఏప్రిల్ 2న. మన ఏడాది కూడు అంతా ఆ రోజుల్లోనే ఉంటుంది కదా. కాంట్రాక్టర్లు అడ్వాన్సులు తిరిగి ఇమ్మన్నారు. కమిటీలు వాళ్ళ మీద పడుతున్నాయి, వాళ్ళు మన మీద పడ్డారు. తిరిగి ఇవ్వం, ముందు జరిగే నాటకంలో సర్దుకుంటాం అని అందరం ఒకే మాట మీద నిలబడ్డాం. ఇంట్లో బియ్యం లేనివాళ్ళు కూడా నిలబడగలిగారంటే డబ్బా ఉండబట్టే.

దీనికి వ్యతిరేకంగా జరిగినదీ ఉంది. 2022 జనవరిలో చింతామణి నాటకాన్ని రాష్ట్ర ప్రభుత్వం నిషేధించింది. ఆ నాటకం మీద ఉన్న అభ్యంతరాల మంచిచెడ్డల్లోకి నేను పోను, బాధపడ్డవాళ్ళు ఉన్నారు. కానీ ఆ ఒక్క నాటకంలో వేషాలతోనే బతికేవాళ్ళు మన వైపు ఉన్నారు. ఒప్పుకున్న తేదీలు పోయాయి. వాళ్ళకు బదులు ఏమిటని అడగడానికి మా ప్రాంతంలో ఎవరూ లేచి నిలబడలేదు, ఎందుకంటే హరిశ్చంద్రవాళ్ళు ‘మన నాటకం కాదులే’ అనుకున్నారు.

అలా అనుకోవడం మనకు బాగా అలవాటు. డప్పు కళాకారులకు పింఛను ఉంది, 2024 జూలై నుంచి నెలకు 4,000. అది వాళ్ళ పోరాటంతో దక్కింది అని నేననుకుంటాను. మన నాటకాలవాళ్ళలో కొందరు దాన్ని చూసి అసూయపడతారు గానీ, అదే తిరునాళ్ళలో మన పందిరి పక్కన డప్పు కొట్టేవాళ్ళను ఎప్పుడైనా మన సమావేశానికి పిలిచామా? ఒకే కమిటీ, ఒకే చందా డబ్బు, ఒకే ఎగవేత. కులం అడ్డు వస్తోందని పైకి చెప్పకుండా ‘వాళ్ళది వేరే కళ’ అంటాం. మీరు కొత్తగా పెడుతున్నారు కాబట్టి చెబుతున్నాను, డప్పువాళ్ళను, బ్యాండువాళ్ళను, పగటి వేషాలవాళ్ళను మొదటి రోజే పిలవండి.

మీ గురువుగారి మాటకు వస్తే, పెద్దాయనతో వాదించకండి. కానీ కళను కూలితో కొలవకూడదనేవాళ్ళు సాధారణంగా రెండు రకాలు. వేరే ఉద్యోగంలో నెల జీతం వస్తూ పరిషత్తు పోటీల్లో నాటకాలు ఆడేవాళ్ళు మొదటి రకం, వాళ్ళ నాటకం నిజంగానే సేవ. రెండో రకం, కూలి అడిగితే ఇవ్వాల్సి వచ్చేవాళ్ళు. ఇక సేవ మాట నిజాయితీగా అనగలిగిన చరిత్ర కూడా ఈ నేలకుంది. టంగుటూరి ప్రకాశం పంతులుగారే కుర్రతనంలో ఒంగోలులో నాటకాల్లో వేషాలు కట్టారు. ప్రజానాట్యమండలి 1943లో మొదలై బుర్రకథలతో ఊరూరూ తిరిగింది. నెల్లూరు జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాస్యత ప్రచారానికి ఆటపాటలతో తిరిగిన కళాజాతాలు వెళ్ళిన ఊళ్ళలోనే దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా ఆగిపోయింది. ఆ జాతాల్లో పాడినవాళ్ళు చాలామంది స్వచ్ఛందంగా పాడారు, అది వాళ్ళు ఎంచుకున్న పని. మీ కాంట్రాక్టరు శ్రీరామనవమికి కమిటీ దగ్గర మొత్తం మాట్లాడుకుని మీకు బాకీ పెట్టడం ఆ కోవలోకి రాదు.

పిలవడం మానేస్తారన్న భయం నిజమైనదే, కొట్టిపారేయను. తగ్గించుకోవడానికి రెండు మార్గాలున్నాయి. మొదటిది, మీ పేరుతో ఉత్తరం రాయకండి, మాట్లాడటానికి ఒక్కరిని పంపకండి. కృష్ణుడు, హార్మోనిస్టు, ద్రౌపది కలిసి వెళ్ళాలి. రెండోది, మొదలుపెట్టడానికి ఆషాఢం మంచిది. తిరునాళ్ళు ఉండవు, ఎవరికీ నాటకాలు లేవు, పోగొట్టుకోవడానికీ ఏమీ ఉండదు. మాఘమాసానికి కాంట్రాక్టర్లు తేదీలు పట్టుకోవడానికి తిరిగేటప్పటికి మీ షరతుల కాగితం అందరి చేతుల్లో ఉండాలి.

ఈలోగా అందరూ చేసుకోవలసిన చిన్న పనులు ఉన్నాయి. 16 నుంచి 59 ఏళ్ళలోపు వాళ్ళు అసంఘటిత కార్మికుల కోసం కేంద్రం పెట్టిన ఈ-శ్రమ్‌ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోండి, ప్రభుత్వ లెక్కలో మీరు పనిచేసే మనిషిగా కనబడతారు. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలు కట్టే ప్రధానమంత్రి సురక్షా బీమా అందరూ తీసుకోండి. ప్రమాదంలో మరణిస్తే ఇంటివాళ్ళకు 2 లక్షలు వస్తాయి. రాత్రంతా నిద్రలేని డ్రైవరు, తెల్లవారుజామున హైవే, వెనక సీట్లో కిరీటాల పెట్టె పెట్టుకుని మనం నిద్రపోతూ వచ్చే ప్రయాణాలు మీకు తెలియనివి కావు. అరవై దాటిన కళాకారులకు కేంద్ర సాంస్కృతిక శాఖ పథకం ఒకటుంది, నెలకు 6,000 దాకా వస్తుంది. ఆదాయ పరిమితి, అనుభవం రుజువులు అడుగుతారు. పాత కరపత్రాలు, పత్రికల్లో వచ్చిన వార్తలు ఇప్పటి నుంచే దాచిపెట్టుకోండి.

చివరగా, షరతుల కాగితం ఎలా ఉండాలని అడిగారు కదా. పెద్ద కాగితం వద్దు తమ్ముడూ, కాంట్రాక్టరు ఫోను చేసి తేదీ చెప్పిన వెంటనే ఈ నాలుగు వాక్యాలు వాట్సాప్‌లో పంపండి:

‘ఫలానా తేదీ, ఫలానా ఊరు, రాయబారం, సహదేవుడి వేషం. పారితోషికం ఇంత, అడ్వాన్సు ఇంత ముట్టింది, మిగతాది రంగు వేసుకునే ముందు. బయలుదేరాక నాటకం రద్దయితే సగం, పైన రానుపోను ఛార్జీలు. రంగు పడ్డాక సీను తీసేసినా పూర్తి డబ్బు.’

ఆయన ‘సరే’ అని రాస్తే మంచిదే. ఎలక్ట్రానిక్ రికార్డు కూడా సాక్ష్యమే, ధ్రువపత్రం జతచేయాల్సి ఉంటుంది, లోక్ అదాలత్‌లో కూడా చూపించవచ్చు. ఆయన రాయకుండా ఫోను చేసి ‘అవన్నీ ఎందుకు, నేను లేనా’ అంటే, ఫోను పెట్టేశాక ‘ఇప్పుడు ఫోనులో అనుకున్న ప్రకారం’ అని మొదలుపెట్టి అవే నాలుగు వాక్యాలు మళ్ళీ పంపండి. మీ పద్నాలుగురూ ఒకే రోజున, ఒకే మాటలతో పంపితే మరీ మంచిది.